శాంక్షన్ లెటరుకూ రిజిస్ట్రేషన్‌కూ నడుమ



 నేను 31 ఏళ్లు బ్యాంకులో పనిచేశాను. చివరి 14 ఏళ్లు నా బల్ల మీదికి వచ్చినవన్నీ ఇంటి లోన్ల ఫైళ్లే. అనంతపురం, ధర్మవరం, హిందూపురం తిరిగి ఆఖరి పోస్టింగు ఈ పుట్టపర్తి చుట్టుపక్కలే చేశాను. ఇక్కడ కూర్చున్నవాళ్లలో కొందరి ఫైళ్లు నా చేతుల మీదుగానే వెళ్లి ఉంటాయి.

వడ్డీ ఎక్కడ తక్కువ, ఏ బ్యాంకులో పని తొందరగా అవుతుంది, ఇవి నెలనెలా మారే సంగతులు. వాటి జోలికి పోను. నేను మాట్లాడదలచింది ఒక ఐదారు వారాల గురించి. లోను మంజూరైందని బ్యాంకు కాగితం చేతికిచ్చిన రోజు మొదలు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వేలిముద్రలు పడి, ఇల్లు అమ్మినవాళ్ల చేతికి డీడీ అందే రోజు దాకా ఉండే ఐదారు వారాలు. ఆ వారాల్లో కొత్తగా ఏదీ అప్పు మీద కొనకండి. బండి వద్దు, టీవీ వద్దు, సోఫా వద్దు, ఫోను వద్దు. నేను చెప్పవలసిన మాట ఇంతే. ఎందుకు వద్దో చెప్పడానికే మిగతా సమయమంతా.

ఒక అబ్బాయి సంగతి చెబుతాను. పేరు చెప్పను. ఊరు చెబితే మీలో ఎవరైనా గుర్తుపట్టవచ్చు, అదీ చెప్పను. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కార్ల ఫ్యాక్టరీ వచ్చాక, దానికి సామాన్లు చేసిపెట్టే ఫ్యాక్టరీలు చుట్టూ చాలా వెలిశాయి కదా. అట్లాంటి ఒకదాంట్లో సూపర్‌వైజరు. తండ్రి శెనక్కాయ రైతు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు వాన పడుతుందని లెక్కల్లో ఉన్నా, అది విత్తనానికి ఒక రోజు, కోతకు ఒక రోజు వచ్చిపోయే నేల మనది. ఆ ఇంట్లో నెల తిరిగేసరికి జీతం అనే వస్తువును చూసిన మొదటివాడు ఈ అబ్బాయే. చేతికి 42,000 వస్తాయి. ఊరి అంచున కట్టిన ఇల్లు ఒకటి 30 లక్షలకు మాట్లాడుకున్నాడు. 3 లక్షలు అడ్వాన్సు ఇచ్చి, మూడు నెలల్లో రిజిస్ట్రేషన్ చేయించుకుంటానని అగ్రిమెంటు రాసుకున్నాడు.

బ్యాంకు ఎట్లా చూస్తుందో చెబుతాను, ఇది కాస్త శ్రద్ధగా వినండి. 42,000 జీతంలో అన్ని అప్పుల కంతులూ కలిపి సగం దాటకూడదని మేం లెక్క పెట్టుకున్నాం. బ్యాంకుకు బ్యాంకుకు ఈ హద్దు కొంచెం మారుతుంది కానీ హద్దు లేని బ్యాంకు లేదు. సగం అంటే 21,000. అప్పుడు నడుస్తున్న వడ్డీ ఎనిమిదిన్నర శాతం. 20 ఏళ్లకు తీసుకుంటే లక్ష రూపాయలకు నెలకంతు 868 రూపాయలు. ఆ లెక్కన 24 లక్షలకు 20,832. మా హద్దుకు 168 రూపాయలు తక్కువ. అతికినట్టు సరిపోయింది. 24 లక్షలు మంజూరు చేశాం.

జ్యేష్ఠ మాసం చివరి వారంలో అతన్ని పిలిచి లెటరు ఇచ్చాను. వాళ్లమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె కొంగులో ముడివేసుకొచ్చిన చక్కెర తీసి నా చేతిలో పెట్టింది. లెటరు తిప్పితిప్పి చూసి ఆ అబ్బాయి, “సార్, లోను అయిపోయినట్టేనా?” అన్నాడు.

“అయినట్టే నాయనా” అన్నాను.

ఈ ఒక్క మాట గురించే నేను ఈ రోజు ఇక్కడికి వచ్చాను. అయినట్టే అంటే అయిందని కాదు. మన భాషలోనే ఆ తేడా ఉంది. వంట అయినట్టే అంటే ఇంకా పొయ్యి మీద ఉందని అర్థం. నేను మాట వరసకు అన్నాను. అతను అయిపోయిందని విన్నాడు. ఆ లెటరులో మూడో పేజీలో, దరఖాస్తుదారు ఆదాయంలో గానీ అప్పుల్లో గానీ మార్పు వస్తే మంజూరును తగ్గించే, రద్దు చేసే హక్కు బ్యాంకుకు ఉంటుందన్న షరతు ఒకటి ఉంటుంది. ప్రతి శాంక్షన్ లెటరులోనూ ఏదో ఒక రూపంలో ఉంటుంది. అది ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో ఉంటుంది. నేను దాని మీద వేలు పెట్టి చూపించలేదు.

తర్వాత జరిగింది వినండి. ఆషాఢంలో కొత్త బండి కొనకూడదు కదా. అందుకని ఆషాఢం వచ్చేలోపే ముగించాలని, ఆ వారంలోనే బైకు తీసుకున్నాడు. పాత బండి దారిలో ఆగిపోతోంది, డ్యూటీకి ఆలస్యమవుతోంది, అతని కారణం అతనికి ఉంది. షోరూంలోనే ఫైనాన్సు చేసిపెట్టారు. నెలకు 4,200. ఆ తర్వాత ఆషాఢం వచ్చింది. ఆషాఢంలో శుభకార్యాలుండవు కాబట్టి రిజిస్ట్రేషన్ శ్రావణంలో పెట్టుకున్నారు. మరి ఆషాఢమంటే మన అంగళ్లలో ఆఫర్ల నెల. కొత్తింట్లోకి ఎటూ కావాలి కదా, ఇప్పుడే తగ్గింపు ధరకు వస్తోంది కదా అని టీవీ, ఫ్రిజ్ తీసుకున్నాడు. నో కాస్ట్ ఈఎంఐ, నెలకు 3,100.

చూడండి, ఆ ఖాళీ వారాలు మన పంచాంగంలో ఎక్కడ పడ్డాయో. మంచి రోజులు లేవని రిజిస్ట్రేషన్ ఆపుకుంటాం. సరిగ్గా ఆ ఆగిన రోజుల్లోనే అంగడివాళ్లు తలుపులు బార్లా తెరుస్తారు. ఆషాఢం పోతే దసరాకు ముందు మహాలయ పక్షాలు, అప్పుడు మళ్లీ పండగ ఆఫర్లు. ఇంటి లోను మంజూరైనవాడి చేతిలో ధైర్యం ఉంటుంది, మనసులో సంతోషం ఉంటుంది, బజార్లో తగ్గింపు ఉంటుంది. ఈ మూడూ ఒక్క నెలలో కలుస్తాయి. నేను చూసిన చిక్కుల్లో చాలావాటికి మూలం దుబారా కాదు, సంతోషం. అందుకే ఆ మనుషుల మీద నాకు కోపం రాదు, బాధ కలుగుతుంది.

శ్రావణం రెండో వారంలో రిజిస్ట్రేషన్. డీడీ తీసే ముందు బ్యాంకు మరోసారి క్రెడిట్ రిపోర్టు తెప్పిస్తుంది. తెప్పించాం. రెండు కొత్త అప్పులు కనబడ్డాయి. రెండూ కలిపి నెలకు 7,300. హద్దు 21,000లో అవి పోగా మిగిలింది 13,700. లక్షకు 868 చొప్పున 13,700కు వచ్చే లోను 15 లక్షల 78 వేలు. అంటే లక్షన్నర రూపాయల సామాను కొన్నందుకు 8 లక్షల 20 వేల లోను తగ్గిపోయింది.

ఈ లెక్క దగ్గర కొంచెంసేపు ఆగుదాం. ఆ అబ్బాయి నన్ను అడిగింది కూడా ఇదే. “సార్, నేను కొన్నది లక్షన్నర సరుకు. కావాలంటే ఆ లక్షన్నర తగ్గించుకోండి, ఎనిమిది లక్షలు ఎందుకు తగ్గాలి?” న్యాయమైన ప్రశ్న. జవాబు ఏమిటంటే, బ్యాంకు మీ వస్తువు ధర చూడదు, మీ నెల జీతంలో అది ఎంత చోటు ఆక్రమించిందో చూస్తుంది. టీవీ కంతు ఏడాదిన్నరలో తీరిపోవచ్చు. కానీ ఈ రోజుకు ఆ 3,100 మీ జేబులో లేనట్టే. 20 ఏళ్ల లోనులో నెలకు 3,100 అంటే మూడున్నర లక్షల అప్పు మోయగల శక్తి. నూతిలో నీళ్లు ఎన్ని ఉన్నా, బొక్కెన పట్టేంతే పైకి వస్తాయి కదా. మన బొక్కెన నెల జీతం. అందులో చిన్న చెంబు పెట్టినా చెంబంత చోటు పోయినట్టే. ఇంటికి వెళ్లి మీరే చూసుకోండి. వెయ్యి రూపాయల కంతుకు లక్షా 15 వేల ఇంటి లోను పోతుంది. ఐదు వేల కంతుకు ఐదు లక్షల 76 వేలు పోతుంది.

ఒకటి రెండు చోట్ల, ఏడాదిలోపు తీరిపోయే చిన్న అప్పును లెక్కలోంచి తీసేసే బ్యాంకులు ఉన్నాయి. దాన్ని నమ్ముకుని అడుగు వేయకండి. అది మేనేజరు దయ మీద ఆధారపడిన విషయం, మీ హక్కు కాదు.

ఇక రెండో నష్టం, కంటికి కనిపించనిది. స్కోరు. మన దేశంలో క్రెడిట్ సమాచార సంస్థలు నాలుగు. మొదటిది 2000లో మొదలైన సిబిల్, అందుకే ఏ సంస్థ స్కోరునైనా మనం సిబిల్ అనే అంటాం. స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది. కొత్త అప్పు కోసం దరఖాస్తు పెట్టిన ప్రతిసారీ ఆ సంస్థ దగ్గర ఒక విచారణ నమోదవుతుంది. అప్పు వచ్చినా రాకున్నా నమోదవుతుంది. అంగట్లో ఆ అమ్మాయి నవ్వుతూ, “ఊరికే మీకెంత వస్తుందో చూస్తాం సార్, పాన్ నంబరు చెప్పండి, ఓటీపీ చెప్పండి” అంటుంది. మీరు ఊరికే అనుకుంటారు. అది దరఖాస్తు కావచ్చు. వారంలో మూడు అంగళ్లలో మూడుసార్లు ఓటీపీ చెబితే, ఈ మనిషికి డబ్బు అత్యవసరంగా కావాలేమో అని చదివేవాడికి అనిపిస్తుంది. మీ స్కోరు మీరే చూసుకుంటే మాత్రం ఏమీ తగ్గదు. ఏడాదికి ఒకసారి ఒక్కో సంస్థ నుంచి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఎప్పుడో చెప్పింది. ఇంటి మాట అనుకున్న రోజే తెప్పించుకుని చూడండి.

స్కోరును బట్టి వడ్డీ పెట్టే బ్యాంకులు ఇప్పుడు చాలా ఉన్నాయి. పావు శాతం తేడా పెద్దదా అనిపించవచ్చు. 24 లక్షల మీద, 20 ఏళ్లకు, ఎనిమిదిన్నరకూ ఎనిమిదీ ముప్పావుకూ మధ్య తేడా నెలకు 380 రూపాయలు. మొత్తం మీద 91 వేలు.

మన జిల్లాలో ఇంకా వినబడే ఒక మాట ఉంది. “రిపోర్టులో పడేసరికి నెల పడుతుంది, ఈలోగా రిజిస్ట్రేషన్ అయిపోతుందిలే.” ఒకప్పుడు నెలకొకసారి సమాచారం వెళ్లేది నిజమే. 2025 జనవరి 1 నుంచి అప్పిచ్చే సంస్థలన్నీ కనీసం పదిహేను రోజులకొకసారి సమాచారం పంపాలని రిజర్వు బ్యాంకు ఆదేశం. దరఖాస్తు విచారణ అయితే ఆ రోజే కనబడుతుంది. దాచడం కుదరదు. అసలు దాచాలన్న ఆలోచనే మంచిది కాదు. దాచి డీడీ తీసుకున్నారనుకోండి, మొదటి నెల నుంచే 42,000లో 28,000 కంతులకు పోతాయి. 14,000తో పిల్లల ఫీజులు, అమ్మానాన్నల మందులు, బియ్యం, కరెంటు, బండిలో పెట్రోలు. బ్యాంకు గీసిన హద్దు బ్యాంకు కోసమే గీసింది కాదు.

బ్యాంకులు ఇంత చూడడం ఎందుకని మీలో పెద్దవాళ్లకు సందేహం రావచ్చు. దీని చరిత్రలో ఒక ఘట్టం మన రాష్ట్రంలోనే జరిగింది. 2010 నాటి మైక్రోఫైనాన్స్ గొడవ గుర్తుంది కదా? ఒకే ఇల్లాలికి నాలుగు కంపెనీలు అప్పులిచ్చాయి. ఒకడిచ్చింది ఇంకొకడికి తెలియదు, తెలుసుకోవాలనీ అనుకోలేదు. ఒక అప్పు తీర్చడానికి మరొక అప్పు, చివరికి ప్రాణాల మీదికి వచ్చింది. ఆ ఏడాది అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. మరుసటి ఏడాది రిజర్వు బ్యాంకు మైక్రోఫైనాన్స్ సంస్థలకు కొత్త నిబంధనలు పెడుతూ, ప్రతి సంస్థా క్రెడిట్ సమాచార సంస్థలో సభ్యత్వం తీసుకోవాలని చెప్పింది. ఒక మనిషి మీద మొత్తం ఎంత బరువుందో అప్పిచ్చే ప్రతివాడికీ తెలియాలన్న నియమానికి ఆ దుఃఖం బలమిచ్చింది. ఆ రిపోర్టును మీ మీద నిఘాగా చూడకండి.

ఇప్పుడు అప్పు అంటే ఏవేవి వస్తాయో చెబుతాను, ఎందుకంటే మనం అప్పు అనుకోనివి కొన్ని ఉన్నాయి. నో కాస్ట్ ఈఎంఐ అప్పే. సున్నా వడ్డీ అనే మాటను రిజర్వు బ్యాంకు 2013లోనే తప్పుబట్టింది, వడ్డీని ప్రాసెసింగు ఫీజులోనో ఇంకెక్కడో కలుపుతారని. రొక్కానికి వచ్చే తగ్గింపు మీకు ఇవ్వకపోవడమే అక్కడ వడ్డీ. ఫోనులో, ఇప్పుడు కొను తర్వాత కట్టు అని వచ్చేవి, 2,000 రూపాయలదైనా అప్పే. చాలావాటి వెనక ఒక ఫైనాన్సు కంపెనీ ఉంటుంది, అది రిపోర్టులో పడుతుంది. క్రెడిట్ కార్డు ఉన్నవాళ్లు, నెల తిరిగేలోపు మొత్తం కట్టేస్తాం కదా అనుకుంటారు. మంచిదే. కానీ లిమిటు లక్ష ఉండి 90 వేలు గీకితే, బిల్లు తయారైన రోజు ఆ 90 వేలే రిపోర్టుకు వెళ్లవచ్చు. కొత్తింటికి గీజరు, మంచాలు, కర్టెన్లు అన్నీ కార్డు మీద కొనేది సరిగ్గా ఈ నెలలోనే.

బంగారం మీద అప్పు మనకు అప్పులా అనిపించదు. మన సొమ్ము మనం పెట్టుకుని తెచ్చుకున్నాం కదా అనిపిస్తుంది. అదీ రిపోర్టులో ఉంటుంది. డ్వాక్రా సంఘం లోనులో మీ వంతు కూడా కనబడవచ్చు. ఇది తల్లులు గమనించాలి, ఎందుకంటే ఇల్లు ఇద్దరి పేరా తీసుకుంటే భార్య కూడా సహ దరఖాస్తుదారు. అతను ఏ అప్పూ చేయకుండా ఆగి ఉంటాడు. ఆమె సంఘంలో కొత్త లోను వచ్చిందని సంతకం పెట్టి ఉంటుంది. ఒకరికొకరు చెప్పుకోరు. నా బల్ల ముందు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్న సందర్భాలు ఉన్నాయి. ఆ వారాల్లో ఇంట్లో ఇద్దరిదీ ఒకే మాట కావాలి.

ఇక షూరిటీ. బావమరిది ట్రాక్టరు తీసుకుంటున్నాడు, ఒక్క సంతకమేగా బావా అంటాడు. కాదనలేం. ఆ సంతకంతో ఆ అప్పు మీ రిపోర్టులోకి వస్తుంది. డబ్బు వాడిది, బరువు మీది. “రిజిస్ట్రేషన్ అయినాక పెడతానబ్బా, ఈ రెండు నెలలు ఆగు” అని చెప్పండి. నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి.

పుట్టపర్తిలో కట్టిన ఇల్లు కొనేవాళ్ల కంటే స్థలంలో ఇల్లు కట్టుకునేవాళ్లే నా దగ్గరికి ఎక్కువగా వచ్చారు. వాళ్లకు ఈ జాగ్రత్త ఐదారు వారాలతో తీరదు. కట్టుబడి లోను ఒక్కసారిగా రాదు. పునాది లేచాక కొంత, లింటలు దాకా కొంత, శ్లాబు పడ్డాక కొంత, ఇంజనీరు వచ్చి చూసి ఫోటో తీశాక ఇస్తారు. ఎనిమిది నెలలు, ఏడాది పడుతుంది. ప్రతి విడతకూ ముందు మీ ఫైలు తెరుస్తారు. సగంలో కొత్త అప్పు కనబడితే, పాత అప్పు కంతు ఒకటి తప్పితే, తర్వాతి విడత ఆగే ప్రమాదం ఉంది. బుక్కపట్నం రోడ్డులోనో, ఎనుములపల్లి వైపో వెళ్తుంటే శ్లాబు మీద కమ్మీలు ఆకాశం వైపు నిలబడి, తుప్పు పట్టి కనబడే ఇళ్లు ఉంటాయి. ఆగిపోవడానికి వంద కారణాలు. కానీ ఒక కమ్మీ తుప్పు పడుతున్నప్పుడు ఉంటున్న ఇంటి అద్దె, ఆ లోను మీద నడిచే వడ్డీ రెండూ ఒకే జేబులోంచి పోతుంటాయి.

ఈ ఊరికి ఆదాయం ఆగిపోవడమంటే ఏమిటో నేను చెప్పనక్కర్లేదు. 2011 ఏప్రిల్ 24న సత్యసాయి స్వామి దేహం చాలించాక వచ్చేవాళ్లు తగ్గారు. గదులు అద్దెకిచ్చేవాళ్లు, అంగళ్లవాళ్లు, ఆటోలవాళ్లు ఎంత ఇబ్బంది పడ్డారో మీరు చూశారు. 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమైంది. ఆఫీసులు వచ్చాయి, ఉద్యోగులు వచ్చారు, స్థలాల ధర పెరిగింది. పెరిగే ఊళ్లో అందరికీ తొందరగా ఉంటుంది. ఈ రోజు తీసుకోకపోతే రేపు దొరకదనిపిస్తుంది. ఆ తొందరలో ఉన్నవాళ్ల కోసమే ఈ మాటలన్నీ.

మంచి ఉద్దేశంతోనే మనవాళ్లు చేసే పొరపాటు ఇంకొకటి ఉంది, అది చెప్పకుండా ముగించలేను. ఇంటి ధర మొత్తం బ్యాంకు ఇవ్వదు. 30 లక్షల లోపు లోనుకు ఆస్తి విలువలో 90 శాతం దాకా ఇవ్వవచ్చని, 75 లక్షల దాకా 80 శాతమని, ఆపైన 75 శాతమని రిజర్వు బ్యాంకు నియమం. అవన్నీ పై హద్దులు. చాలాసార్లు అంతకంటే తక్కువే వస్తుంది. మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం ఏడున్నర శాతం. 30 లక్షల ఇంటికి రెండుంపావు లక్షలు. ఇల్లు పది లక్షలు దాటితే ఈ ఖర్చును ఇంటి విలువలో కలిపి లోను ఇవ్వడానికి లేదు. కాబట్టి ఈ అబ్బాయి 24 లక్షలు బ్యాంకు నుంచి తెచ్చుకుంటే, 6 లక్షలు మార్జిన్, రెండుంపావు లక్షలు రిజిస్ట్రేషన్‌కు, మొత్తం ఎనిమిదింపావు లక్షలు సొంతంగా తేవాలి. ఇది ముందుగా ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. చివరి పది రోజుల్లో తెలుస్తుంది. అప్పుడు ఏం చేస్తారు? ఫోనులో పర్సనల్ లోను కొడతారు. అరగంటలో ఖాతాలో పడుతుంది. అది చిన్న బండి కంతులా కాదు, రెండుంపావు లక్షలకు మూడేళ్ల గడువంటే నెలకు ఏడెనిమిది వేలు. రిజిస్ట్రేషన్ కోసం తెచ్చిన అప్పే రిజిస్ట్రేషన్ ఆపుతుంది. అందుకని అడ్వాన్సు ఇచ్చే ముందే, సంతకానికి ముందే, ఈ సొంత డబ్బు ఎక్కడుందో రూపాయి రూపాయి రాసుకోండి. లేకపోతే చిన్న ఇల్లు చూడండి. అదీ కాకపోతే ఒక ఏడాది ఆగండి.

మన పిల్లలు అమెరికాలో ఇళ్లు కొంటున్నారు కదా, అక్కడా ఇంతే. వాళ్లు రిజిస్ట్రేషన్ రోజును క్లోజింగ్ అంటారు. 2008లో అక్కడి ఇళ్ల అప్పులు కుప్పకూలాక, 2010 నుంచి ఫానీ మే అనే పెద్ద సంస్థ, క్లోజింగ్ లోపు చేసిన కొత్త అప్పులు బయటపడేలా చూడమని అప్పిచ్చేవాళ్లకు గట్టిగా చెప్పింది. చివరి రోజుల్లో రిపోర్టు మళ్లీ తీస్తారు, ఉద్యోగం ఉందో లేదో ఆఫీసుకు ఫోన్ చేసి అడుగుతారు. డల్లాస్‌లో ఉన్న మా బంధువుల అబ్బాయికి అక్కడి లోను ఆఫీసరు మొదటి రోజే చెప్పాడట, తాళం చేతికొచ్చేదాకా సోఫా కూడా కొనొద్దని. ఆ మాట విన్నప్పుడు నాకు మన అబ్బాయే గుర్తొచ్చాడు. మొదటి రోజు చెప్పే మనిషి ఉండడమే తేడా.

ఇప్పటికే కొనేసినవాళ్లు ఇక్కడ ఉంటే కంగారు పడకండి. మొదట చేయవలసింది, మీ బ్యాంకు మనిషికి మీరే వెళ్లి చెప్పడం. రిపోర్టులో వాళ్లు కనిపెట్టడానికీ, మీరు చెప్పడానికీ చాలా తేడా ఉంది. చెబితే దారులు వెతుకుతారు. చిన్న అప్పయితే ముందుగా కట్టేయండి. ముందు కట్టినందుకు కొంత ఛార్జీ ఉండవచ్చు, భరించండి. కట్టాక అప్పు తీరినట్టు కాగితం, నో డ్యూస్ అంటారు, చేతిలోకి తీసుకోండి. అది లేకుండా అంగడిలోంచి కదలకండి. రిపోర్టులో మారేలోపు ఆ కాగితమే మీ సాక్ష్యం. తీర్చిన అప్పు ఇంకా ఉన్నట్టు చూపిస్తుంటే ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో సరిచేయకపోతే రోజుకు 100 రూపాయలు మీకు పరిహారం ఇవ్వాలని నియమం. మీ రిపోర్టు ఎవరు తీసినా మీ ఫోనుకు మెసేజీ రావాలి. అది వస్తే చెరిపేయకండి, చదవండి. గడువు సరిపోదనుకుంటే ఇల్లు అమ్మేవాళ్లతో ముందే మాట్లాడి, అగ్రిమెంటు పొడిగింపు కాగితం మీద రాయించుకోండి. నోటి మాట చాలదు, అవతలివాళ్లు ఎంత మంచివాళ్లయినా.

ఆ అబ్బాయి అదే చేశాడు, ఆలస్యంగా. మేనమామ శెనక్కాయలు అమ్మిన డబ్బు చేబదులు ఇచ్చాడు. బైకు లోనూ, టీవీ ఫ్రిజ్‌ల లోనూ కట్టేశాడు. కాగితాలు తెచ్చి నా బల్ల మీద పెట్టేసరికి శ్రావణం వెళ్లిపోయింది. భాద్రపదంలో వద్దని పెద్దవాళ్లు అన్నారు. అగ్రిమెంటు గడువు దాటింది. అమ్మినాయన ఆగాడు కానీ ఊరికే ఆగలేదు, 50 వేలు ఎక్కువ అడిగాడు. ఇచ్చారు. కార్తీకంలో రిజిస్ట్రేషన్ అయింది.

గృహప్రవేశానికి నన్ను పిలిచారు, వెళ్లాను. తెల్లవారుజామున ఆవును తోలుకొచ్చి ఇంట్లో నడిపించారు. వాళ్లమ్మ కొత్త గిన్నెలో పాలు పొంగించింది. పాత పొయ్యే, సిలిండరు పాతింటి నుంచి తెచ్చుకున్నదే. దేవుడి పటం, దీపం, ఒక బిందెడు నీళ్లు, ఉప్పు, పసుపు. ఆ ఇంట్లోకి ఆ రోజు నిజంగా కావలసినవి ఇవే, ఇవన్నీ కలిపి రెండు వేలు కాలేదు. ఫ్రిజ్ ఒక మూల అట్టపెట్టెలోనే ఉంది. ఇంకా విప్పలేదు.

అతను నాకు పాయసం గిన్నె అందిస్తూ మెల్లగా అడిగాడు. “సార్, ఆ రోజు లెటరు ఇచ్చేటప్పుడే మీకీ సంగతి తెలుసు కదా?”

తెలుసు. తెలిసీ చెప్పలేదు. దాచాలని కాదు, అంత సంతోషంలో ఉన్న మనిషికి షరతులు చెప్పడం బాగుండదనుకున్నాను. ఆ తర్వాత నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ లెటరు ఇచ్చే ముందు మూడో పేజీ తీసి, ఆ షరతు తెలుగులో చదివి వినిపించి, ఇంట్లో ఇద్దరి చేతా కింద సంతకం పెట్టించాను. మీలో ఎవరి దగ్గరైనా ఇప్పుడు శాంక్షన్ లెటరు ఉంటే, ఇంగ్లీషు రాకపోతే, రేపు తీసుకురండి. పొద్దున పది నుంచి ఇక్కడే ఉంటాను, చదివి చెబుతాను. డబ్బేమీ అక్కర్లేదు.

ఇక మీరు అడగండి. అమ్మా, ట్రాక్టరు షూరిటీ మాట వచ్చినప్పటి నుంచి మీరు చెయ్యెత్తే ఉన్నారు. ముందు మీరు చెప్పండి.